ఎండాకాలం ఇంజన్ ఆయిల్: మన బండికి ఏ గ్రేడు పోయాలి?

ఏప్రిల్ దాటితే కర్నూలు, నంద్యాల, కడప వైపు మధ్యాహ్నం 42 నుంచి 45 డిగ్రీలు మామూలే. అనంతపురం ఎండా తక్కువేం కాదు. ఆ రోజుల్లో ఆయిల్ షాపుల్లో, మెకానిక్ షెడ్లలో ఒకే మాట వినబడుతుంది: "మన ఎండలకు పలచటి ఆయిల్ నిలవదు, 20డబ్ల్యూ-50 పోయించండి." కొన్ని బండ్లకు ఇది సరైన సలహానే. కొన్ని బండ్లకు మాత్రం ఇంజన్ ఆయుష్షు తగ్గించే సలహా. ఏ బండికి ఏది సరిపోతుందో తేలాలంటే బయట ఎండ ఎంతుందో చూస్తే చాలదు. ఆయిల్ ఛాంబర్‌లో ఎంత వేడెక్కుతోందో, ఆ వేడిలో ఎంత పలచబడుతోందో చూడాలి.

డబ్బా మీది అంకెలు

డబ్ల్యూ అంటే వింటర్. దాని ముందున్న అంకె గడ్డకట్టే చలిలో ఆయిల్ ఎంత సులువుగా కదులుతుందో చెబుతుంది. 5డబ్ల్యూ ఆయిల్‌ను మైనస్ 30 డిగ్రీల దగ్గర, 15డబ్ల్యూను మైనస్ 20 దగ్గర, 20డబ్ల్యూను మైనస్ 15 దగ్గర పరీక్షిస్తారు. సంక్రాంతి చలిలో కూడా మన జిల్లాల్లో ఆ పరిస్థితి రాదు. కాబట్టి ఇంజన్ స్టార్ట్ అవుతుందా లేదా అన్నంతవరకు ఇక్కడ ఏ డబ్ల్యూ అయినా ఒకటే.

చాలామంది ఇక్కడే పొరబడతారు. ముందు అంకె పెద్దదైతే ఆయిల్ వేడికి ఎక్కువ తట్టుకుంటుందని అనుకుంటారు. 5డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-40 రెండూ వేడెక్కాక ఒకే తరగతి. పైగా 0డబ్ల్యూ, 5డబ్ల్యూ ఆయిళ్లు చాలావరకు సింథటిక్ మూల నూనెతో తయారవుతాయి. మామూలు మినరల్ ఆయిల్ కంటే అవి వేడికి నిదానంగా పాడవుతాయి, ఆవిరై పోవడమూ తక్కువ. ఎండ ప్రాంతమని 5డబ్ల్యూను పక్కన పెట్టడానికి కారణమే లేదు.

అసలు చూడాల్సింది రెండో అంకె. ఆయిల్ 100 డిగ్రీల వేడిలో ఉన్నప్పుడు దాని చిక్కదనాన్ని సెంటీస్టోక్‌లలో కొలుస్తారు. ఎస్ఏఈ జె300 ప్రమాణం ప్రకారం 20 గ్రేడు 6.9 నుంచి 9.3 లోపు, 30 గ్రేడు 9.3 నుంచి 12.5 లోపు, 40 గ్రేడు 12.5 నుంచి 16.3 లోపు, 50 గ్రేడు 16.3 నుంచి 21.9 లోపు ఉండాలి. గమనించండి, 30 అని రాసిన రెండు డబ్బాల్లో ఒకటి 9.5, ఇంకొకటి 12.3 ఉండొచ్చు. రెండూ నిబంధన ప్రకారం సరైనవే.

డబ్బా మీద కనబడని అంకె ఇంకొకటుంది. దాన్ని హెచ్‌టీహెచ్‌ఎస్ అంటారు. 150 డిగ్రీల వేడిలో, షాఫ్టుకూ బేరింగుకూ మధ్య నలిగేటప్పుడు ఆయిల్ పొర ఎంత చిక్కగా నిలుస్తుందో అది చెబుతుంది. దీన్ని సెంటీస్టోక్‌లలో కాక మిల్లీపాస్కల్-సెకన్లలో కొలుస్తారు. 20 గ్రేడుకు కనీసం 2.6, 30కి 2.9, 5డబ్ల్యూ-40కి, 10డబ్ల్యూ-40కి 3.5, 15డబ్ల్యూ-40కి, 20డబ్ల్యూ-40కి, 50 గ్రేడులకు 3.7 ఉండాలి. ఆయిల్ కంపెనీ వెబ్‌సైట్లో ఆ రకం డేటా షీట్ తెరిస్తే ఇది చాలాసార్లు దొరుకుతుంది. బరువుతో, ఏసీతో, ఎండలో తిరిగే బండికి ఆయిల్ ఎంచుకునేటప్పుడు డబ్బా మీది పొగడ్తలన్నిటికంటే ఈ ఒక్క అంకె ఎక్కువ పనికొస్తుంది.

44 డిగ్రీల ఎండ ఇంజన్ లోపలికి ఎంత చేరుతుంది?

కూలెంట్‌తో చల్లబడే ఇంజన్‌లో థర్మోస్టాట్, రేడియేటర్, ఫ్యాన్ కలిసి చేసే పని ఒకటే: డిసెంబరులో అయినా మే నెలలో అయినా కూలెంట్‌ను దాదాపు ఒకే వేడిలో, 85 నుంచి 100 డిగ్రీల మధ్య ఉంచడం. అందుకే బయట 30 నుంచి 44కి పెరిగినంత మాత్రాన ఆయిల్ కూడా 14 డిగ్రీలు పెరగదు. రేడియేటర్ బాగుంటే అందులో కొంత భాగమే లోపలికి చేరుతుంది. కర్నూలు నుంచి డోన్, గుత్తి, పామిడి మీదుగా అనంతపురం వరకు హైవే మీద ఒక మోస్తరు వేగంతో పోయే కారులో ఆయిల్ సాధారణంగా 100 నుంచి 115 డిగ్రీల మధ్య ఉంటుంది. ఐదుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను, ఏసీ, ఆపైన గువ్వలచెరువు ఘాట్ లాంటి ఎక్కుడు కలిస్తే 120 దాటొచ్చు. అక్కడ ఇంజన్‌ను వేడెక్కించేది ఎండకంటే బరువు, ఎక్కుడు.

ఇప్పుడు లెక్క చూద్దాం. 100 డిగ్రీల దగ్గర 10.5 సెంటీస్టోక్‌లు ఉండే మామూలు 5డబ్ల్యూ-30 ఆయిల్ 110 దగ్గర సుమారు 8.6కు, 120 దగ్గర 7.1కు పడిపోతుంది. 100 దగ్గర 14 ఉండే 40 గ్రేడు ఆయిల్ 113 డిగ్రీల దగ్గర సుమారు 10.6కు వస్తుంది. అంటే గ్రేడు ఒకటి పెంచితే ఆయిల్‌ను దాదాపు 13 డిగ్రీలు చల్లబరిచినంత ఫలం. ఎండాకాలం వల్ల కూలెంట్ ఇంజన్‌లో పెరిగే ఆయిల్ వేడి మామూలుగా అంతకంటే తక్కువే. కాబట్టి ఎండ కోసం ఒక్క మెట్టు ఎక్కితే ఎక్కువ. 20 గ్రేడు ఇంజన్‌లో 50 గ్రేడు పోయాల్సినంత అవసరం ఏ రోహిణి కార్తె కూడా తీసుకురాదు. అంత వేడెక్కుతోందంటే తప్పు రేడియేటర్‌లోనో ఫ్యాన్‌లోనో ఉంది, దాన్ని ఆయిల్‌తో కప్పిపుచ్చలేం.

కారుకు ఎంచుకునే తీరు

ముందు మాన్యువల్‌లో లూబ్రికెంట్ల పేజీ తీయండి. పుస్తకం పోయి ఉంటే కంపెనీ వెబ్‌సైట్లో దొరుకుతుంది. చాలా కార్లలో ఆయిల్ పోసే మూత మీద కూడా గ్రేడు అచ్చువేసి ఉంటుంది.

ఆ పేజీలో ఉష్ణోగ్రత పట్టీ ఉందేమో చూడండి. అడుగున డిగ్రీలు, పైన 5డబ్ల్యూ-30, 10డబ్ల్యూ-40, 15డబ్ల్యూ-40 అని అడ్డగీతలు ఉంటాయి. 40 డిగ్రీల పైవరకు చేరే గీతలన్నీ మనకు పనికొస్తాయి. వాటిలో ఎక్కువ దూరాలు, ఎక్కువ బరువు, టాక్సీ తిరుగుడు ఉన్న బండికి 40 గ్రేడు, ఊళ్లో ఆఫీసుకు పోయి వచ్చే బండికి 30 గ్రేడు ఎంచుకోవడం మంచిది. ధర అందుబాటులో ఉంటే 15డబ్ల్యూ-40 బదులు 5డబ్ల్యూ-40 తీసుకోండి. పొద్దున్నే స్టార్ట్ చేసిన తొలి క్షణాల్లో అది పైన క్యామ్‌షాఫ్ట్ దాకా త్వరగా చేరుతుంది.

మాన్యువల్‌లో 0డబ్ల్యూ-20 లేక 0డబ్ల్యూ-16 ఒక్కటే ఉంటే సంగతి వేరు. ఆ ఇంజన్ ఆయిల్ పంపు, వాల్వ్ టైమింగ్ మార్చే సోలినాయిడ్, చైన్ టెన్షనర్, పిస్టన్ అడుగున ఆయిల్ చిమ్మే సన్నటి జెట్‌లు అన్నీ ఆ పలచదనానికే కుదిర్చి ఉంటాయి. దాన్లో 20డబ్ల్యూ-50 పోస్తే ప్రెషర్ పెరుగుతుంది, కానీ ప్రెషర్ పెరగడమూ ఆయిల్ బాగా అందడమూ ఒకటి కావు. ప్రెషర్ హద్దు దాటగానే రిలీఫ్ వాల్వ్ తెరుచుకుని, బేరింగులకు పోవాల్సిన ఆయిల్‌ను వెనక్కి మళ్లిస్తుంది. బేరింగులోంచి ఆయిల్ పారే వేగమే అక్కడి వేడిని మోసుకుపోయేది. చిక్కటి ఆయిల్ తక్కువగా పారుతుంది, తనలో తాను రాసుకుని ఇంకాస్త వేడెక్కుతుంది కూడా. చల్లబరచాలని పోసిన ఆయిల్ వేడిని పెంచుతుంది. పైగా మైలేజీ పడిపోతుంది, పికప్ మొద్దుబారుతుంది, కొన్ని బండ్లలో వాల్వ్ టైమింగ్ లోపమని చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది. ఇలాంటి కారుకు మాన్యువల్ చెప్పిందే పోయండి. పక్కన 5డబ్ల్యూ-30కి కూడా అనుమతి రాసి ఉంటే మార్చి నుంచి జూన్ దాకా అది చక్కని ఎంపిక. వారంటీలో ఉన్న బండికైతే రాసింది దాటొద్దు.

బీఎస్6 (కాలుష్య ప్రమాణం) డీజిల్ కార్లలో పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది. ఆయిల్ కాలితే మిగిలే బూడిద అందులో పేరుకుపోతుంది, మసిలాగా కాలిపోదు. అందుకే ఈ బండ్లకు ఏసీఈఏ (యూరప్ వాహన కంపెనీల సంఘం) ప్రమాణంలో సీ2, సీ3 లాంటి తక్కువ బూడిద ఆయిళ్లు చెబుతారు. ఇక్కడ ఎండకు ఉపయోగపడే చిన్న సంగతి ఉంది: సీ2 ఆయిల్‌కు హెచ్‌టీహెచ్‌ఎస్ కనీసం 2.9, సీ3కి కనీసం 3.5. రెండు డబ్బాల మీదా 5డబ్ల్యూ-30 అనే ఉండొచ్చు, కానీ వేడిలో సీ3 పొర దృఢంగా నిలుస్తుంది. మాన్యువల్ రెండింటికీ ఒప్పుకుంటే మనకు సీ3 మేలు. చౌకగా దొరుకుతుందని ట్రాక్టరుకు పోసే 15డబ్ల్యూ-40 ఇందులో పోస్తే డీపీఎఫ్ మూసుకుపోయి, ఆయిల్ మీద మిగిల్చిన డబ్బుకు ఎన్నో రెట్లు వదులుతుంది.

లక్షన్నర కిలోమీటర్లు దాటిన పాత ఇంజన్ ఆయిల్ తాగుతుంటే, 30 నుంచి 40కి ఎక్కడం సమంజసం. ముందు 1,000 కిలోమీటర్లు తిప్పి ఎంత తగ్గిందో కొలవండి. అరలీటరు లోపైతే గ్రేడు మార్చి చూడొచ్చు. లీటరు దాకా పోతుంటే రింగులో, వాల్వ్ సీళ్లో అరిగినట్టు. ఏ గ్రేడూ దాన్ని బాగుచేయదు.

బైకుల లెక్క వేరు

గాలితో చల్లబడే బైకుకు థర్మోస్టాట్ లేదు. బయట వేడి పెరిగితే ఆయిల్ వేడి నేరుగా పెరుగుతుంది. ప్రొద్దుటూరు బజారులో మిట్టమధ్యాహ్నం ఫస్టు గేరులో నత్తనడక నడిచే బైకు ఇంజన్‌కు హైవే మీద పోయేదానికంటే కష్టం ఎక్కువ, ఎందుకంటే ఇంజన్ చుట్టూ ఉండే చల్లబరిచే రెక్కల (ఫిన్‌ల) మీద గాలి ఆడదు. అదే ఆయిల్ గేర్లనూ తడపాలి. గేరు పళ్ల మధ్య నలిగి, చిక్కదనం కోసం కలిపిన పాలిమర్లు తెగిపోతాయి. 40గా పోసిన ఆయిల్ 2,000 కిలోమీటర్లు తిరిగేసరికి 30 హద్దులోకి జారడం బైకుల్లో వింతేం కాదు.

కాబట్టి ఎండకు గ్రేడు పెంచడంలో అన్నిటికంటే ఎక్కువ అర్థం ఉన్నది గాలి చల్లదనపు బైకులకు, అదీ మాన్యువల్ పట్టీ ఒప్పుకున్న మేరకు. 10డబ్ల్యూ-30తో పాటు 10డబ్ల్యూ-40 లేక 20డబ్ల్యూ-40 అని రాసి ఉంటే ఎండాకాలం రెండోది పోయండి. 20డబ్ల్యూ-50 లేక 15డబ్ల్యూ-50 చెప్పిన బైకులకు అదే సరిపోతుంది, అంతకు మించి అక్కర్లేదు.

గ్రేడుకంటే ముందు డబ్బా మీద జాసో (జపాన్ ప్రమాణం) ఎంఏ లేక ఎంఏ2 అని ఉందా చూడండి. బైకు క్లచ్ ప్లేట్లు ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. కారు ఆయిల్‌లో జారుడు పెంచే పదార్థాలు కలుపుతారు, అవి పడితే క్లచ్ జారి రేస్ పెరుగుతుంది గానీ బండి లాగదు. గేర్లు లేని స్కూటర్లకు ఎంబీ ఆయిల్ వస్తుంది. దాన్ని బైకులో పోయకండి.

బైకులో ఆయిలే సుమారు లీటరు. అందులో 200 మిల్లీలీటర్లు తగ్గితే ఐదో వంతు పోయినట్టు, మిగిలిన నాలుగు వంతులు ఆ వేడంతా మోయాలి. ఎండాకాలం రెండు వారాలకోసారి లెవెల్ చూడటం గ్రేడు మార్చడంకంటే ఎక్కువ మేలు చేస్తుంది. సెంటర్ స్టాండ్ వేసి, ఇంజన్‌ను మూడు నిమిషాలు నడిపి, ఆపి మూడు నిమిషాలు ఆగి చూడండి. చాలా బైకుల్లో డిప్ స్టిక్‌ను మర తిప్పకుండా ఊరికే ఆనించి చూడాలి. బిగించి చూస్తే లేనిది ఉన్నట్టు కనబడుతుంది.

ట్రాక్టర్లు, లారీలు

ఇక్కడ ఎంపిక సులువు. పాత డీజిల్ ఇంజన్లకు మాన్యువల్‌ను బట్టి 15డబ్ల్యూ-40 లేక 20డబ్ల్యూ-40, నాణ్యత తరగతి ఏపీఐ (అమెరికా పెట్రోలియం సంస్థ) సీఐ-4 లేక ఆ పైది. బీఎస్6 లారీలకు కంపెనీ చెప్పిన సీకే-4 తరగతి తక్కువ బూడిద ఆయిల్. ఆయిల్ నల్లబడిందని కంగారుపడి మార్చనక్కర్లేదు, డీజిల్ మసిని పట్టి ఉంచడమే దాని పని.

అసలు ఇబ్బంది వేరేచోట ఉంటుంది. బోరు కింద వేసిన వేరుశనగను ఏప్రిల్, మే నెలల్లో నూర్చేటప్పుడు ట్రాక్టరు కదలకుండా గంటలకొద్దీ మిషను తిప్పుతుంది. ఎదురుగాలి ఉండదు, పైగా ఎగిరిన పొట్టూ దుమ్మూ రేడియేటర్ జాలీని మూసేస్తాయి. కూలెంట్ వేడెక్కుతుంది, దాని వెంట ఆయిలూ. రెండు గంటలకోసారి ఇంజన్ ఆపి జాలీ దులపండి. గాలి కొట్టేటప్పుడు ఇంజన్ వైపు నుంచి బయటికి కొట్టాలి. ముందు నుంచి కొడితే పొట్టు రెక్కల మధ్య ఇంకా లోపలికి దిగుతుంది.

టర్బో ఉన్న బండి ఘాట్ ఎక్కి ఆగినప్పుడు వెంటనే తాళం తీయకండి. ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచండి. ఎర్రగా కాగిన టర్బో షాఫ్టు దగ్గర ఆయిల్ పారడం ఆగిపోతే అక్కడే మాడి బొగ్గులా గట్టిపడుతుంది.

మార్చే గడువు, దుమ్ము

వేడి వల్ల ఆయిల్ ఆక్సీకరణ చెందే వేగం, ఉజ్జాయింపుగా ప్రతి 10 డిగ్రీలకు రెండింతలవుతుంది. అందుకే మంచి గ్రేడు పోసి గడువు దాటించడంకంటే, మామూలు గ్రేడు పోసి వేళకు మార్చడం నయం. మాన్యువళ్లలో కఠిన పరిస్థితులు అని వేరే పట్టీ ఉంటుంది: దుమ్ము, ఎక్కువ ఎండ, చిన్న చిన్న ప్రయాణాలు, బరువు లాగడం. అందులో గడువు తరచూ సగానికి దిగుతుంది, 10,000 కిలోమీటర్లు 5,000 అవుతుంది. మన వాడకం చాలావరకు ఆ పట్టీ కిందికే వస్తుంది.

తాడిపత్రి, బేతంచెర్ల, ఎర్రగుంట్ల దారుల్లో నాపరాయి, పాలిషింగ్ యూనిట్లు, సిమెంటు లారీల దుమ్ములో తిరిగే బండికి ఎయిర్ ఫిల్టర్ ఆయిల్‌తో సమానమైన ముఖ్యం. చిరిగిన ఫిల్టర్‌లోంచి దూరిన రాతిపొడి ఆయిల్‌లో కలిస్తే సానరాయిలా గీకుతుంది. ఏ గ్రేడు పొరా దాన్ని ఆపలేదు. ఫిల్టర్ పెట్టె అంచున ఉండే రబ్బరు సరిగా కూర్చుందో లేదో వేలితో తడిమి చూడండి.

ఆయిల్ మార్చేటప్పుడు బండి గోరువెచ్చగా ఉండాలి, మరీ కాగుతూ కాదు. డ్రెయిన్ బోల్టు తీసి పావుగంట కారనివ్వండి. బోల్టు కింది వాషర్ కొత్తది వేయండి, పాతది నలిగిపోయి కారుతుంది. కొత్త ఫిల్టర్ రబ్బరు రింగుకు కాస్త కొత్త ఆయిల్ పూసి, చేత్తో ఆనేదాకా తిప్పి, ఆపైన ముప్పావు తిప్పు చాలు. చెప్పిన కొలతలో పావులీటరు తగ్గించి పోసి, రెండు నిమిషాలు నడిపి, ఆపి పది నిమిషాలయ్యాక డిప్ స్టిక్ చూసి మిగతాది కలపండి. పైగీత దాటనివ్వకండి. ఎక్కువైతే క్రాంక్ షాఫ్టు ఆయిల్‌ను చిలికి నురుగు చేస్తుంది, నురుగు బేరింగును కాపాడలేదు. చాలా కార్లలో కిందిగీతకూ పైగీతకూ మధ్య తేడా సుమారు లీటరు.

దారిలో తెలిసే గుర్తులు

బాగా తిరిగి సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఆయిల్ లైటు మిణుకుమంటే, వేడి ఆయిల్ ప్రెషర్ అడుగంటిందని అర్థం. పక్కకు తీసి ఇంజన్ ఆపండి. పది నిమిషాలాగి లెవెల్ చూడండి. తక్కువుంటే కలపండి. లెవెల్ సరిగా ఉండీ లైటు వెలుగుతుంటే బండి నడపకుండా మెకానిక్‌ను పిలిపించండి. సెన్సరే పోయి ఉండొచ్చు, కానీ అది గేజీ పెట్టి కొలిచి చెప్పాల్సిన మాట. డిప్ స్టిక్‌కు పెట్రోలు వాసన గట్టిగా వస్తూ, లెవెల్ తగ్గే బదులు పెరుగుతుంటే ఇంధనం ఆయిల్‌లో కలుస్తోంది. అప్పుడు ఎంత చిక్కటి గ్రేడు పోసినా పలచనైపోతుంది. మజ్జిగ రంగు కనబడితే కూలెంట్ కలిసింది, బండి కదిలించవద్దు.

డాష్‌బోర్డు మీది ఉష్ణోగ్రత ముల్లు చూపేది కూలెంట్ వేడి, ఆయిల్‌ది కాదు. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్‌కు (లోపాలు చదివే సాకెట్) పెట్టే చిన్న బ్లూటూత్ పరికరంతో ఫోన్‌లో అసలు డిగ్రీలు చూడొచ్చు. కొన్ని కార్లు ఆయిల్ వేడి కూడా చూపిస్తాయి. ఘాట్‌లో కూలెంట్ 110 దాటుతుంటే ఏసీ ఆపి నిదానించండి, ఊరు చేరాక రేడియేటర్ చూపించండి.

అర్ధాంతరంగా ఆయిల్ తగ్గి చెప్పిన గ్రేడు దొరకకపోతే, అదే వాడకానికి చేసిన పక్క గ్రేడు అరలీటరు కలపడం వల్ల ప్రమాదం లేదు. లేకుండా పోవడంకంటే అది ఎన్నో రెట్లు నయం. ఆయిల్ కొనేటప్పుడు సీలూ బ్యాచి నంబరూ తయారీ తేదీ చూసి బిల్లు తీసుకోండి. ఖాళీ డబ్బాకు రంధ్రం చేసి పారేయండి, లేదంటే అదే డబ్బాలో నకిలీ ఆయిల్ తిరిగి అంగడికి చేరుతుంది. తీసిన పాత ఆయిల్ కాలువలోనో చేనుగట్టునో పోయకుండా, పాత ఆయిల్ సేకరించే షెడ్డుకు ఇవ్వండి.

దూరం పోయేటప్పుడు డిక్కీలో ఇంజన్‌లో ఉన్న రకం ఆయిలే ఒక లీటరు డబ్బా పెట్టుకోండి, పక్కన చిన్న గరాటు, పాత గుడ్డ. మార్చిన తేదీ, కిలోమీటర్లు, గ్రేడు ఒక చీటీ మీద రాసి బానెట్ లోపల అంటించండి, డ్రైవరు మారినా పోయాల్సింది ఏదో తెలుస్తుంది.